బెట్సెన్‌బెర్గ్ గుట్ట మీది జట్టు: కైజర్స్‌లౌటర్న్‌ని వదిలి వెళ్లనివాళ్లు, తిరిగి వచ్చినవాళ్లు

జర్మన్ ఫుట్‌బాల్ అంటే బేయర్న్ మ్యూనిక్, ఆ తర్వాత డార్ట్‌మండ్, చాలామందికి లిస్టు అక్కడితో అయిపోతుంది. నాకు ఆ దేశపు ఫుట్‌బాల్ మీద ప్రేమ పుట్టించింది మాత్రం 2012 తర్వాత ఫస్ట్ డివిజన్ మొహమే చూడని జట్టు, 1. ఎఫ్‌సీ కైజర్స్‌లౌటర్న్. 1900లో పుట్టిన క్లబ్. నాలుగుసార్లు జర్మనీ చాంపియన్ (1951, 1953, 1991, 1998), రెండుసార్లు జర్మన్ కప్పు. లెక్కల్లో చూస్తే ఇంతకంటే ఎక్కువ గెలిచిన జట్లు చాలానే ఉన్నాయి. కానీ మనుషుల కథలు చూస్తే దీనికి దగ్గరగా వచ్చే జట్టు జర్మనీలో ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

ఊరి గురించి ముందు చెప్పాలి. ఫ్రాన్స్ సరిహద్దుకి దగ్గరలో, ఫాల్ట్స్ ప్రాంతంలో, అడవుల పక్కన ఉన్న ఊరు. జనాభా లక్ష దాకా. స్టేడియంలో పట్టేది దాదాపు 50 వేలమంది. అంటే నిండితే ఊళ్లో సగం మంది అందులో ఉన్నట్టే, నిజానికి చుట్టుపక్కల పల్లెల నుంచే ఎక్కువమంది వస్తారు. స్టేడియం బెట్సెన్‌బెర్గ్ అనే గుట్ట మీద ఉంటుంది, రైల్వే స్టేషన్‌లో దిగితే పైన కనిపిస్తుంది, మ్యాచ్ రోజు జనమంతా ఎర్ర జెర్సీలు వేసుకుని ఆ ఎత్తు ఎక్కుతారు. అక్కడివాళ్లు ముద్దుగా 'బెట్సె' అంటారు. జట్టుకి 'ఎర్ర దెయ్యాలు' అని పేరు. ఒకప్పుడు ఈ గుట్ట ఎక్కాలంటే బేయర్న్‌కి కూడా భయమే.

ఈ జట్టు చరిత్రని ఎక్కడ మొదలుపెట్టినా ఫ్రిట్జ్ వాల్టర్ దగ్గరికే వస్తాం. 1920లో అదే ఊళ్లో పుట్టాడు, పెద్దయ్యాక అదే జట్టుకి ఆడాడు, ఆఖరిదాకా ఇంకో క్లబ్ జెర్సీ మీద మోజు పడలేదు. 1940లో రొమేనియా మీద జర్మనీకి మొదటి మ్యాచ్ ఆడి మూడు గోల్స్ కొట్టాడు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత యుద్ధం. ఒక ఆటగాడి జీవితంలో మంచి వయసు ఏదైతే ఉంటుందో, ఇరవై నుంచి ఇరవై అయిదు, అది మొత్తం యుద్ధమే తినేసింది. మలేరియా కూడా వచ్చింది, దానివల్ల జీవితాంతం ఎండలో ఆడటం అతనికి నరకం. వాన పడితేనే అసలు ఆట బయటికొచ్చేది. ఇప్పటికీ జర్మనీలో మ్యాచ్ రోజు వాన పడితే 'ఫ్రిట్జ్ వాల్టర్ వాతావరణం' అనే అంటారు.

1945లో సోవియట్ సైన్యానికి బందీగా దొరికాడు. రొమేనియాలో సిగెట్ అనే చోట క్యాంపు, అక్కడి నుంచి బందీల్ని సోవియట్ యూనియన్‌లోకి పంపేస్తున్నారు, వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ. ఆ క్యాంపులో కాపలావాళ్లు ఫుట్‌బాల్ ఆడుకుంటుంటే బంతి ఇతని వైపు వచ్చింది, తిరిగి తన్నాడు, తన్నిన తీరు చూసి పిలిచి ఆటలో కలుపుకున్నారు. వాళ్లలో ఒక హంగరీవాడు ఇతన్ని గుర్తుపట్టాడు. 1942లో బుడాపెస్ట్‌లో హంగరీ మీద జర్మనీ 5-3తో గెలిచిన మ్యాచ్‌లో ఇతని ఆట చూశాడట. ఆ మనిషి వల్లే వాల్టర్ పేరు సోవియట్ రైలు ఎక్కే జాబితాలోంచి తప్పిందని చెబుతారు. అదే ఏడాది అక్టోబర్‌లో తమ్ముడు లూడ్విగ్‌తో కలిసి ఊరు చేరాడు. తొమ్మిదేళ్ల తర్వాత అదే హంగరీ మీద వరల్డ్ కప్ ఫైనల్ ఆడి గెలిచాడు. నేను ఎన్నిసార్లు చదివినా ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని కాసేపు ఆగిపోతాను.

యుద్ధం అయ్యాక శిథిలాల మధ్య జట్టుని మళ్లీ కట్టింది కూడా వాల్టరే. ఆటగాడూ అతనే, కోచ్ పనీ అతనిదే. 1948లో ఫైనల్‌కి వచ్చి న్యూరెంబర్గ్ చేతిలో ఓడారు. 1951లో బెర్లిన్‌లో ప్రాయ్‌సెన్ మ్యూన్‌స్టర్ మీద 2-1, రెండు గోల్సూ ఇంకో తమ్ముడు ఒట్మార్ వాల్టర్‌వే. యుద్ధంలో అయిన గాయం తాలూకు ముక్కలు మోకాల్లో పెట్టుకుని ఆడిన మనిషి ఒట్మార్. 1953లో స్టుట్‌గార్ట్ మీద 4-1.

ఆ మధ్యలోనే, 1951లో, మాడ్రిడ్ నుంచి అట్లెటికో క్లబ్ ఫ్రిట్జ్‌ని పిలిచింది. సంతకం పెడితే దాదాపు 5 లక్షల మార్కులు అని చెబుతారు. అప్పటి జర్మనీలో ఆటగాడికి నెలకి ఇవ్వగలిగే జీతానికి 320 మార్కుల పరిమితి ఉండేది. ప్రొఫెషనల్ లీగ్ అనేదే లేదు, ఇప్పటి ఫస్ట్ డివిజన్ లీగ్ బుండెస్‌లీగా 1963లో గానీ మొదలవలేదు. ఒక్క సంతకంతో మూడు తరాలు కూర్చుని తినొచ్చు. వాల్టర్ వెళ్లలేదు. ఊరు, భార్య ఇటాలియా, జాతీయ కోచ్ సెప్ హెర్బెర్గర్, జట్టు, ఇవన్నీ వదిలి వెళ్లనన్నాడు. ఈ రోజుల్లో దీన్ని అమాయకత్వం అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు, నాకు అలా అనిపించదు. ఆ యుద్ధం నుంచి బతికి ఇంటికి చేరినవాడికి ఇల్లు అంటే ఏంటో మనకంటే బాగా తెలుసు.

1954 వరల్డ్ కప్ ఫైనల్ గురించి అందరికీ కొంత తెలుసు కాబట్టి కైజర్స్‌లౌటర్న్ వైపు నుంచి చెప్తా. ఆ ఏడాది మే 23న జర్మన్ చాంపియన్‌షిప్ ఫైనల్‌లో వీళ్లు హానోవర్ చేతిలో 5-1తో చిత్తుగా ఓడిపోయారు. చిత్తుగా అంటే చిత్తుగా. వరల్డ్ కప్‌కి నాలుగు వారాలు కూడా లేదు. హెర్బెర్గర్ టీమ్‌లో ఓడిన జట్టు నుంచి అయిదుగురు, గెలిచిన హానోవర్ నుంచి ఒక్కడు కూడా లేడు. విమర్శలు రాకుండా ఎలా ఉంటాయి. పైగా గ్రూప్ మ్యాచ్‌లో హంగరీ చేతిలో 8-3. కానీ హెర్బెర్గర్ తన నిర్ణయం మీద నిలబడ్డాడు. ఫ్రిట్జ్ వాల్టర్ కెప్టెన్, ఒట్మార్ వాల్టర్ ముందు వరసలో, హోర్స్ట్ ఎకెల్ మిడ్‌ఫీల్డ్‌లో, వెర్నర్ లీబ్రిష్, వెర్నర్ కోల్‌మేయర్ డిఫెన్స్‌లో. సెమీఫైనల్‌లో ఆస్ట్రియా మీద 6-1, అందులో అన్నదమ్ములవి చెరి రెండు. జులై 4న బెర్న్‌లో ఫైనల్, పొద్దున ఎండ, మధ్యాహ్నానికి వాన మొదలైంది. వాల్టర్‌కి కావలసింది అదే. అడిడాస్ కంపెనీ పెట్టిన ఆడి డాస్లర్ తయారు చేసిన మరలు బిగించే స్టడ్స్ ఉన్న బూట్లు బురదలో పనికొచ్చాయి. ఎనిమిది నిమిషాలకే హంగరీ 2-0. తర్వాత జర్మనీకి మోర్లాక్ ఒకటి, రాన్ రెండు, చివరికి 3-2. లక్ష జనాభా ఉన్న ఊరి నుంచి పదకొండు మందిలో అయిదుగురు ప్రపంచ విజేతలు. వరల్డ్ కప్ కలిసి గెలిచిన మొదటి అన్నదమ్ములు కూడా ఈ వాల్టర్లే.

ఈ అయిదుగురిలో కోల్‌మేయర్ కథ చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. ఫైనల్‌లో గోల్ లైన్ మీద నుంచి బంతిని తప్పించి జట్టుని కాపాడినవాడు. ఆట మానేశాక తాగుడుకి అలవాటుపడ్డాడు, కుటుంబం దూరమైంది, ఉద్యోగం పోయింది, చివర్లో మైంట్స్‌లో ఒక గేటు దగ్గర కాపలా పని చేశాడు. 1974 మార్చిలో, 49 ఏళ్లకే గుండె ఆగి చనిపోయాడు. అదే ఏడాది జులైలో జర్మనీ రెండోసారి కప్పు గెలిచింది. ఆ అయిదుగురిలో ముందు వెళ్లిపోయింది కోల్‌మేయరే. చివరిగా మిగిలింది ఎకెల్, ఫైనల్ నాటికి 22 ఏళ్ల కుర్రాడు, 2021 డిసెంబర్‌లో 89 ఏళ్లకి కన్నుమూశాడు.

వాల్టర్ ఆటలో ఏముందో ఒక్క గోల్‌తో చెప్పమంటే 1956 అక్టోబర్ 6న తూర్పు జర్మనీలో, లైప్‌జిగ్‌లో కొట్టినది చెప్తారు. విస్ముట్ కార్ల్-మార్క్స్-స్టాట్ అనే జట్టు మీద ఫ్రెండ్లీ మ్యాచ్, లక్షకి పైగా జనం. క్రాస్ తన వెనక్కి వస్తుంటే ముందుకి పడిపోతూ మడమతో వీపు మీదుగా గోల్లోకి పంపాడు. మ్యాచ్ 5-3తో కైజర్స్‌లౌటర్న్‌ది. 61 మ్యాచ్‌లు, 33 గోల్స్ జర్మనీకి, 1958లో 37 ఏళ్ల వయసులో ఇంకో వరల్డ్ కప్, 1959లో ఆట ముగింపు. 1985లో, అతను బతికుండగానే, స్టేడియానికి అతని పేరు పెట్టారు.

వాల్టర్ తరం తర్వాత దాదాపు నలభై ఏళ్లు లీగ్ టైటిల్ లేదు. అయినా ఆ కాలాన్ని ఎండిపోయిన కాలం అనలేం, ఎందుకంటే బెట్సె అసలు భయం పుట్టించింది అప్పుడే. 1973 అక్టోబర్‌లో బేయర్న్ వచ్చింది, బెకెన్‌బావర్, గెర్డ్ ముల్లర్, సెప్ మాయర్ అందరూ ఉన్న బేయర్న్, అదే సీజన్‌లో యూరోపియన్ కప్పు గెలవబోయే జట్టు. 4-1తో ముందుంది. మ్యాచ్ అయిపోయేసరికి 7-4, కైజర్స్‌లౌటర్న్! సెప్ పిరుంగ్ ఒక్కడే మూడు కొట్టాడు. గోల్ దగ్గర అయితే 1974 నుంచి పదేళ్లు స్వీడన్ నుంచి వచ్చిన రోనీ హెల్‌స్ట్రోమ్. ముందు క్లాస్ టాప్‌మోలర్, బుండెస్‌లీగాలో 108 గోల్స్. డిఫెన్స్‌లో హాన్స్-పీటర్ బ్రీగెల్, ముందు అథ్లెటిక్స్ చేసి తర్వాత ఫుట్‌బాల్‌కి వచ్చిన బండలాంటి మనిషి, ఇక్కడి నుంచి ఇటలీ వెళ్లి 1985లో వెరోనాతో లీగ్ గెలిచాడు. వీళ్లెవరికీ ఈ క్లబ్‌తో లీగ్ టైటిల్ రాలేదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

1982 మార్చి 17 మాత్రం వేరే లెవెల్. యుయెఫా కప్ క్వార్టర్ ఫైనల్, మాడ్రిడ్‌లో 3-1తో ఓడి వచ్చారు, ఇక్కడ రియల్ మాడ్రిడ్‌ని 5-0తో ఇంటికి పంపారు. రియల్ వాళ్లు ముగ్గురు రెడ్ కార్డు తిని బయటికెళ్లారు, చివరికి ఎనిమిది మందే. మొదటి పదిహేడు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టినవాడి పేరు ఫ్రీడ్‌హెల్మ్ ఫుంకెల్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

1990లో వెర్డర్ బ్రెమెన్ మీద 3-2తో జర్మన్ కప్పు, 1991లో స్టెఫాన్ కుంట్స్ కెప్టెన్‌గా, కార్ల్-హైన్స్ ఫెల్డ్‌కాంప్ కోచ్‌గా లీగ్, ఆఖరి రోజు కొలోన్‌లో 6-2. ఆ తర్వాత యూరోపియన్ కప్‌లో క్రైఫ్ కోచ్‌గా ఉన్న బార్సిలోనాతో. అక్కడ 2-0తో ఓడి ఇక్కడ 3-0తో ముందున్నారు, గుట్టంతా ఊగిపోతోంది, ఆఖరి నిమిషంలో బకేరో హెడర్. 3-1, రెండు మ్యాచ్‌లూ కలిపితే 3-3, అవతలివాళ్ల మైదానంలో కొట్టిన గోల్ లెక్కలో బార్సిలోనా ముందుకి. ఆ జట్టే ఆ ఏడాది కప్పు గెలిచింది. బార్సిలోనా మొట్టమొదటి యూరోపియన్ కప్పుకి ఒక్క నిమిషం దూరంలో అడ్డుపడబోయింది ఈ చిన్న ఊరి జట్టే.

ఇక 1996. నా వరకు ఈ క్లబ్ కథలో గుండెకాయ ఇదే. ఆ సీజన్‌లోనే బుండెస్‌లీగాలో గెలుపుకి రెండుకి బదులు మూడు పాయింట్ల పద్ధతి వచ్చింది, డ్రాలు చేసేవాళ్లకి శిక్షలాంటిది. కైజర్స్‌లౌటర్న్ 34 మ్యాచ్‌ల్లో 18 డ్రా చేసింది! ఓడింది పదే, కానీ గెలిచింది ఆరే. ఆఖరి రోజు మే 18న లెవర్‌కూసెన్‌లో, ఓడిపోకపోతే లెవర్‌కూసెన్ సేఫ్, వీళ్లు గెలిచి తీరాలి. 1-0తో ముందున్నారు, 82వ నిమిషంలో గోల్ ఇచ్చారు. 1963లో బుండెస్‌లీగా మొదలైన నాటి నుంచి ఒక్కసారి కూడా సెకండ్ డివిజన్‌కి పడని జట్టు పడిపోయింది. టీవీ కెమెరాల ముందు ఆండ్రియాస్ బ్రెమె ఏడుస్తున్నాడు, 1990 వరల్డ్ కప్ ఫైనల్‌లో పెనాల్టీ కొట్టి జర్మనీని గెలిపించిన బ్రెమె, పట్టుకుని ఓదారుస్తున్నది అవతలి జట్టు రూడీ ఫోలర్, అదే వరల్డ్ కప్‌లో తోటి ఆటగాడు, ఫోలర్‌కి అదే ఆఖరి మ్యాచ్. ఆ దృశ్యం చూసి కదలనివాళ్లు ఉంటారంటే నేను నమ్మను.

సరిగ్గా వారం తర్వాత, మే 25న, ఆ పడిపోయిన జట్టే బెర్లిన్ వెళ్లి మార్టిన్ వాగ్నర్ ఫ్రీకిక్‌తో కార్ల్‌స్రూహె మీద 1-0తో జర్మన్ కప్పు గెలిచింది. ఆ వారంలో వాళ్లు నిద్రపోయారో లేదో.

బ్రెమెకి అప్పటికి 35 దాటాయి. ఇంటర్ మిలాన్‌లో ఆడి వచ్చినవాడు, వరల్డ్ చాంపియన్, సెకండ్ డివిజన్‌లో ఆడాల్సిన అవసరం అతనికి ఏమీ లేదు. ఉండిపోయాడు. వాగ్నర్, ఓలాఫ్ మార్షల్, హారీ కోచ్, కాడ్లెక్, పావెల్ కూకా లాంటివాళ్లూ ఉండిపోయారు. కోచ్‌గా ఒట్టో రేహాగెల్ వచ్చాడు, కొద్ది నెలల ముందే బేయర్న్ బయటికి పంపిన మనిషి. ఒక్క సీజన్‌లో పైకి వచ్చేశారు. అంతకుముందు ఇక్కడ ఆడి బేయర్న్‌కి, ఇంటర్‌కి వెళ్లిన స్విట్జర్లాండ్ మిడ్‌ఫీల్డర్ చిరియాకో స్ఫోర్జా కూడా 1997లో తిరిగి వచ్చాడు. అప్పుడే ప్రమోట్ అయిన జట్టుకి ఇంటర్ మిలాన్ నుంచి రావడం అంటే మాటలు కాదు.

1997-98 మొదటి మ్యాచ్, ఎక్కడ? మ్యూనిక్‌లో, బేయర్న్ మీద. 80వ నిమిషంలో డెన్మార్క్ డిఫెండర్ షోన్‌బెర్గ్ గోల్, 1-0. రేహాగెల్ ఆ రోజు ఎలా సంబరపడ్డాడో వీడియోలు ఉన్నాయి, తప్పకుండా చూడండి. అందరూ అదృష్టం అన్నారు. కొద్ది వారాల్లో టేబుల్ టాప్‌కి వెళ్లి దిగలేదు. మార్షల్ 21 గోల్స్. చెమ్నిట్జ్ నుంచి వచ్చిన 21 ఏళ్ల మైకేల్ బలాక్ అప్పుడప్పుడూ బెంచి మీద నుంచి దిగేవాడు. మే 2న వోల్ఫ్స్‌బర్గ్ మీద 4-0, ఒక మ్యాచ్ మిగిలి ఉండగానే చాంపియన్. బేయర్న్ రెండు పాయింట్లు వెనక. సెకండ్ డివిజన్ నుంచి వచ్చిన ఏడాదే లీగ్ గెలిచిన జట్టు బుండెస్‌లీగా చరిత్రలో ఇదొక్కటే. ఇంగ్లండ్‌లో లెస్టర్ జట్టు 2016లో లీగ్ గెలవడాన్ని గొప్ప అద్భుతంగా చెబుతారు, కాదనను, కానీ లెస్టర్ పైకి వచ్చి రెండేళ్లయ్యాక గెలిచింది. నా ఓటు 1998కే.

అక్కడి నుంచి పతనం ఎలా మొదలైందంటే డబ్బు దగ్గర. చాంపియన్స్ లీగ్ వచ్చింది, పెద్ద పేర్లకి పెద్ద జీతాలు, పైగా 2006 వరల్డ్ కప్ మ్యాచ్‌లు మా ఊళ్లో జరగాలి అనే పట్టుదలతో స్టేడియం విస్తరణ. అంత చిన్న ఊరు మోయగలిగిన ఖర్చు కాదు అది. ఆటగాళ్ల చెల్లింపుల్లో పన్నుల గొడవ బయటపడింది, 2003-04లో మూడు పాయింట్లు కోత పడ్డాయి, 2003లో స్టేడియాన్నే ఊరి సంస్థకి అమ్మేసుకుని అద్దెకి ఆడటం మొదలైంది. ఫ్రిట్జ్ వాల్టర్ పేరున్న స్టేడియం ఆ క్లబ్ చేతిలో లేకపోవడం ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి. నన్నడిగితే ఈ పాపం ఆటగాళ్లది కాదు, పైన కూర్చుని లెక్కలు వేసినవాళ్లది.

ఆ కష్టకాలంలోనే మిరోస్లావ్ క్లోజె. పోలండ్‌లో పుట్టి, ఫాల్ట్స్ పల్లెల్లో పెరిగి, వడ్రంగి పని నేర్చుకుని, చిన్న డివిజన్లలో ఆడుతూ 1999లో బెట్సె చేరాడు. మూడేళ్లకి, 2002 వరల్డ్ కప్‌లో అయిదు గోల్స్, అయిదూ తలతోనే. ఆ వరల్డ్ కప్ జరుగుతుండగానే జూన్ 17న ఫ్రిట్జ్ వాల్టర్ చనిపోయాడు. క్లోజె 2004లో బ్రెమెన్‌కి వెళ్లిపోయాడు, ఆపే స్తోమత క్లబ్‌కి లేదు. 2014కల్లా వరల్డ్ కప్‌ల్లో 16 గోల్స్‌తో రికార్డు. బలాక్ అంతకుముందే, 1999లోనే, లెవర్‌కూసెన్‌కి వెళ్లాడు. వాళ్లని తప్పుపట్టను. వాల్టర్ ఉండిపోయిన కాలం వేరు, పైగా అతను ఉండటానికి ఒక నిలకడైన ఇల్లు ఉంది.

2006 మేలో జట్టు మళ్లీ సెకండ్ డివిజన్‌కి పడింది. వచ్చే నెలలోనే ఎవరికోసమైతే అంత ఖర్చుపెట్టారో ఆ వరల్డ్ కప్ మ్యాచ్‌లు అక్కడ జరిగాయి. జూన్ 17న ఇటలీ, అమెరికా మ్యాచ్, వాల్టర్ పోయి సరిగ్గా నాలుగేళ్లు. తర్వాత 2010లో పైకి వచ్చి 2012లో మళ్లీ కిందికి. 2018లో థర్డ్ డివిజన్, 2020లో దివాలా ప్రక్రియ. నాలుగు సార్లు చాంపియన్ అయిన జట్టు నాలుగు సీజన్లు థర్డ్ డివిజన్‌లో. 2021లో అయితే నాలుగో డివిజన్‌కి పడిపోతుందేమో అన్నంత టెన్షన్. అయినా గుట్ట ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు, ఆ డివిజన్‌లో ఎవరూ ఊహించనంత జనం వచ్చేవాళ్లు. 2022లో డ్రెస్డెన్ మీద ప్లేఆఫ్, ఇక్కడ 0-0, అక్కడికెళ్లి 2-0, సెకండ్ డివిజన్‌కి తిరిగి వచ్చారు.

ఇప్పుడు ఫుంకెల్. 2024 ఫిబ్రవరిలో జట్టు మళ్లీ థర్డ్ డివిజన్ అంచున ఉంది, అదే నెల 20న బ్రెమె చనిపోయాడు, సరిగ్గా ఆ రోజుల్లోనే 70 ఏళ్ల ఫుంకెల్ కోచ్‌గా వచ్చాడు. 1982లో రియల్ మాడ్రిడ్ మీద రెండు కొట్టిన అదే ఫుంకెల్. జట్టుని సెకండ్ డివిజన్‌లో నిలబెట్టాడు, అది చాలదన్నట్టు జర్మన్ కప్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. సెమీఫైనల్లో పక్క ప్రాంతపు సార్‌బ్రూకెన్ మీద 2-0, బేయర్న్‌ని ఓడించి వచ్చిన జట్టు అది. మే 25న బెర్లిన్‌లో ఫైనల్, 1996లో కప్పు గెలిచిన అదే తారీఖు, అవతల చాబీ అలోన్సో కోచ్‌గా ఉన్న లెవర్‌కూసెన్, ఆ ఏడాది జర్మనీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు. గ్రానిట్ షాకా దూరం నుంచి కొట్టిన గోల్‌తో 1-0. ఫస్ట్ హాఫ్ అయ్యేలోపే లెవర్‌కూసెన్‌కి రెడ్ కార్డు పడింది, సగం మ్యాచ్ పదిమందితోనే ఆడింది, ఆ ఒక్క గోల్ మనవాళ్లు కొట్టలేకపోయారు. నాకు ఇప్పటికీ కసి తీరలేదు, ఆ సెకండ్ హాఫ్‌లో ఇంకాస్త ముందుకి వెళ్లి ఆడాల్సింది అని.

ఫైనల్ అయ్యాక ఫుంకెల్ వెళ్లిపోయాడు, ఒప్పుకున్నది ఆ సీజన్ వరకే. ఈ జట్టుని కొత్తగా చూడాలనుకునేవాళ్లు వేరే ఎక్కడా వెతక్కుండా 1982 రియల్ మ్యాచ్ గోల్స్‌తో మొదలుపెట్టండి, తర్వాత 1996 లెవర్‌కూసెన్, తర్వాత 1997 ఆగస్టులో మ్యూనిక్. బెర్న్ ఫైనల్ ఆఖరున చూడండి, అప్పటికి ఆ అయిదుగురూ ఎవరో, ఎక్కడి నుంచి వచ్చారో మీకు తెలిసి ఉంటుంది.